బోర్డర్‌లైన్ ఉన్నవాళ్ళం ఒకచోట కలిస్తే మేలా, కీడా?

మీరు అడిగింది ఇది కదా: ఉండేది విజయవాడ, వయసు 24, రెండు నెలల క్రితం డాక్టరు గారు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (మూడ్ గంటల్లో తలకిందులైపోయే, వదిలేస్తారన్న భయం వెంటాడే మానసిక జబ్బు) అని చెప్పారు, ఇంట్లో అమ్మేమో "జబ్బు కాదు, పొగరు" అంటోంది, మీలాంటివాళ్ళతో మాట్లాడాలని ఉంది గానీ అందరూ కలిస్తే ఒకరి బాధ ఇంకొకరికి అంటుకుని మరింత కుంగిపోతారేమోనని భయం.

ఆ భయం ఉత్తిది కాదు చెల్లెమ్మా, మాకు అలా జరిగింది కూడా. అయినా కలవమనే చెప్తాను. ఎందుకో చెప్పాలంటే కాస్త పెద్దగానే రాయాలి.

నాది గుంటూరు, బ్రాడీపేట. వయసు 34, మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. నాకు మొదట డిప్రెషన్ అన్నారు, తర్వాత బైపోలార్ అన్నారు, అసలు పేరు తెలిసేసరికి 2017 వచ్చింది. ఈ రెండో పొరపాటు చాలామందికి జరుగుతుంది. బైపోలార్‌లో విపరీతమైన ఉత్సాహమో దిగులో, ఒక మూడ్ రోజుల తరబడి, వారాల తరబడి నడుస్తుంది. మనకు అలా కాదు, పొద్దున ఎవరో ముక్తసరిగా "ఊ" అంటే మధ్యాహ్నానికి లోకమంతా చీకటైపోతుంది, సాయంత్రం వాళ్ళే నవ్వుతూ పలకరిస్తే మళ్ళీ ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇంకోటి, డాక్టర్లు చూసే తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు ఉంటే ఈ పేరు పెడతారు, అందుకే ఇదే పేరున్న ఇద్దరు ఒకేలా ఉండరు. మా వాళ్ళలో ఒకరికి కోపం ఆగదు, ఇంకొకరికి కోపమే రాదు, లోపలంతా ఖాళీగా ఉంటుందంతే. మిమ్మల్ని మీరు వాళ్ళతో పోల్చుకుని "నాది నిజం కాదేమో" అనుకోకండి.

2019లో మా సైకాలజిస్టు మేడమ్ నన్ను అడిగారు, మీలాగే ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళకి ఇష్టమే, మీకూ ఇష్టమైతే కలవండి అని. అలా ముగ్గురితో మొదలై ఇప్పుడు ఆరుగురం అయ్యాం. నెలలో రెండు ఆదివారాలు విజయవాడ సత్యనారాయణపురంలో ఒకరింటి డాబా మీద కూర్చుంటాం. నేను గుంటూరులో బస్సెక్కి మంగళగిరి మీదుగా వస్తాను. మొదటిసారి వారధి దాటుతుంటే దిగి వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది, అంత టెన్షన్. ఆ రోజు నేను చెప్పింది చాలా చిన్న విషయం. అన్నయ్య ఫోన్ మాట్లాడుతూ మధ్యలో పెట్టేశాడు, అప్పటి నుంచి గుండెల మీద బండ పెట్టినట్టుంది అన్నాను. బయట ఎవరికి చెప్పినా "దానికేనా?" అనేవారు. అక్కడ ఒకమ్మాయి "ఎన్ని గంటలైంది అక్కా, అన్నం తిన్నావా?" అని అడిగింది. నేను ఏడ్చేశాను.

2020లో లాక్‌డౌన్ పడి కలవడం ఆగిపోయాక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. దెబ్బ అక్కడ తగిలింది. ఒక రాత్రి రెండు గంటలకి ఒకరు "ఇక నా వల్ల కాదు" అని పెట్టారు. అయిదుగురం లేచి కూర్చున్నాం, అందరం భయపడిపోయాం, ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి ఆ అమ్మాయి కాస్త సర్దుకుంది గానీ మాలో ఇద్దరు పడిపోయారు. మూడో రోజు ఒకరు ఏమీ చెప్పకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. వదిలేస్తారన్న భయంతోనే బతికేవాళ్ళ మధ్యలోంచి అలా మాట లేకుండా వెళ్ళిపోతే మిగతావాళ్ళు ఏమవుతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

అప్పుడు కూర్చుని కొన్ని కట్టుబాట్లు రాసుకున్నాం, నా లెక్కలో ఇవాళ్టికీ మమ్మల్ని నిలబెట్టింది అవే. రాత్రి పది తర్వాత గ్రూపులో మెసేజ్ ఉండదు. ప్రాణం మీదికి వచ్చే ఆలోచన వస్తే గ్రూపుకి కాదు, ఇంట్లో లేపాలి, లేదా టెలీ మానస్ నంబరు 14416కి చేయాలి, అది మానసిక సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ క్షణంలో అక్కడ మరీ ప్రమాదంగా ఉంటే ఇక ఆలోచించకుండా 108, లేదా పెద్దాసుపత్రి క్యాజువాలిటీ. "నన్ను నేను గాయపరుచుకోవాలనిపించింది" అని చెప్పొచ్చు, ఎలా అన్న వివరాలు మాత్రం ఎవరూ చెప్పకూడదు, మచ్చలు చూపించకూడదు, ఎందుకంటే వినేవాళ్ళకి అదే ఆలోచన అంటుకుంటుంది, మీరు భయపడుతున్నది సరిగ్గా దీని గురించే. మానేయాలనుకున్నవాళ్ళు ఒక్క వాక్యం చెప్పి మానేయొచ్చు, కారణం అడగం. అప్పులు ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. వైద్యం మానేసి గ్రూపుకి మాత్రమే వస్తానంటే ఒప్పుకోం.

ఇక అసలు విషయానికి వస్తాను. అందరూ అనుకునేది, తోటివాళ్ళు ఉంటే ఓదార్పు దొరుకుతుందని. దొరుకుతుంది, నిజమే. కానీ నాకు అంతకంటే పెద్ద సాయం ఒక గొడవ వల్ల జరిగింది. "ఫేవరెట్ పర్సన్" అనే మాట మీరు వినే ఉంటారు, మన ఊపిరంతా ఒక్క మనిషి చేతిలో పెట్టేస్తాం కదా, నాకు గ్రూపులో ఒకమ్మాయి అలా అయిపోయింది. జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఒక రోజు నాలుగు గంటలు ఫోన్ ఎత్తలేదు. నలభై మెసేజ్‌లు పెట్టాను, మొదటివి బతిమాలుతూ, చివరివి తిడుతూ. సాయంత్రం ఆమె ఫోన్ చేసి, "అక్కా, ఇన్విజిలేషన్‌లో ఉన్నాను, ఫోన్ బయట పెట్టించారు. నీ మీద కోపం లేదు. కానీ ఆ మెసేజ్‌లు చూస్తే నాకు చేతులు వణికాయి. ఈ వారం నీతో మాట్లాడను, ఆదివారం డాబా మీద మాత్రం నీ పక్కనే కూర్చుంటాను" అంది.

ఇదే మాట మా అన్నయ్య అని ఉంటే నాకు "వదిలేస్తున్నాను" అని వినబడేది. ఆమె కూడా ఎవరికో నలభై మెసేజ్‌లు పెట్టిన మనిషే, అందుకని మొదటిసారి ఆ మాట ఉన్నది ఉన్నట్టుగా వినబడింది. ఆ ఆరు రోజులు నరకం. ఆదివారం వెళ్ళాను. పక్కనే కూర్చుంది, జంతికల డబ్బా నా వైపు జరిపింది. పోట్లాడిన తర్వాత కూడా మనిషి మిగులుతుందని 28 ఏళ్ళకి నాకు మొదటిసారి తెలిసింది. థెరపీలో దీని గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం, కానీ చేసి చూసింది ఆ డాబా మీద. మీరు వెతుక్కోవాల్సింది కూడా అలాంటివాళ్ళనే, తప్పు చేస్తే తప్పు అని చెప్పి, ఆ తర్వాత కూడా పక్కన కూర్చునేవాళ్ళని.

వైద్యం విషయం త్వరగా చెప్పేస్తాను. ఈ జబ్బుకే అని తయారైన మందు లేదు, డాక్టర్లు ఇచ్చేవి నిద్రకో, తోడుగా ఉన్న డిప్రెషన్‌కో. అలాగని ఉన్న మందులు సొంతంగా ఆపకండి. ముఖ్యమైనది మాటల వైద్యం. అందులో డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అని ఒకటుంది, అమెరికాలో మార్షా లినెహాన్ అనే సైకాలజిస్టు తయారుచేశారు. ఆవిడ 17 ఏళ్ళ వయసులో చేరి రెండేళ్ళకు పైగా మానసిక ఆసుపత్రిలో ఉన్న మనిషి. ఆ సంగతి 2011లో తనే బయటపెట్టారు. మీరూ మాలాంటివారేనా అని పేషెంటు ఒకరు ఆవిడని అడిగారట. ఇది తెలిసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో మాటల్లో పెట్టలేను. డీబీటీలో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటంతో పాటు వారం వారం గ్రూపు క్లాసు కూడా ఉంటుంది. మన దగ్గర అది పూర్తిగా నేర్చుకున్నవాళ్ళు తక్కువ, సైకాలజిస్టుని మొదటి రోజే "డీబీటీ చేస్తారా?" అని సూటిగా అడగండి, ఆన్‌లైన్లో తెలుగులో చేసేవాళ్ళు దొరికితే అదీ మంచిదే. ఖర్చు భారమైతే విజయవాడలో, గుంటూరులో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంది.

మేం ఒకరికొకరం బాగా వాడేది చల్లటి నీళ్ళ పద్ధతి. బేసిన్‌లో ఐసు ముక్కలు వేసిన నీళ్ళు పోసి, ఊపిరి బిగబట్టి, ముఖం ముంచి అర నిమిషం ఉంటే గుండె వేగం తగ్గుతుంది, శరీరం తీరే అంత. గుండె జబ్బు ఉన్నా, తిండి మానేసే సమస్య ఉన్నా డాక్టర్ని అడగకుండా చేయొద్దు. పగటిపూట అయితే ఒకరు స్పీకర్ ఫోన్‌లో అంకెలు లెక్కపెడతారు, ఇంకొకరు ముంచుతారు.

ఇది జీవితాంతం ఇలాగే ఉంటుందా అని రాత్రిళ్ళు వెతుకుతూ ఉంటారు మీరు, నేనూ వెతికాను. ఏళ్ళ తరబడి పేషెంట్లను గమనించిన పెద్ద అధ్యయనాల్లో, పదేళ్ళు తిరిగేసరికి ఎక్కువమందిలో ఈ జబ్బు అని పేరు పెట్టేంత లక్షణాలు మిగల్లేదు. ఉద్యోగం, బంధాలు కుదురుకోవడానికి మాత్రం ఇంకాస్త టైం పడుతుంది. నా విషయంలోనూ అంతే.

ఇక తోటివాళ్ళని వెతుక్కునే సంగతి. ఇంటర్నెట్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఫోన్ నంబరు ఇవ్వకండి. మీ డాక్టర్నో సైకాలజిస్టునో అడగండి, వాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇష్టపడేవాళ్ళు ఉన్నారేమో అని. ఇద్దరు దొరికినా చాలు. మొదట్లో నలుగురూ తిరిగే చోట, గంట సేపే కలవండి, గంట కాగానే మాట మధ్యలో ఉన్నా లేవండి.

అమ్మ గురించి. మా అమ్మ కూడా పొగరే అనేది, దిష్టి తీసేది, కొండెక్కి దుర్గమ్మకి మొక్కింది. నేను ఎంత వివరించినా లాభం లేకపోయింది. ఒక ఆదివారం అందరం అమ్మల్ని వెంటబెట్టుకొచ్చాం, మేం డాబా మీద, వాళ్ళు కింద వంటింట్లో కాఫీలతో. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. తిరుగు బస్సులో మంగళగిరి దాటాక అమ్మ కిటికీ వైపు చూస్తూ, "ఆ లెక్చరరమ్మాయి వాళ్ళమ్మకి కూడా రాత్రిళ్ళు నిద్ర పట్టదట" అంది. ఆ రోజు నుంచి పొగరు అన్న మాట ఇంట్లో వినబడలేదు. వచ్చేసారి ఓపీకి మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి.