తప్పిపోయిన ఐదు

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. 2 ఘాతాల్లోంచి 1 తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యలంటూ ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1644లో ఇచ్చిన జాబితా మీద రాసిన పేరా బాగుంది. మిగతాది చదువుతుంటే కోపం వచ్చింది. 2 ఘాతం 67లోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యను 14757392589676412927 అని రాశావు. అసలుది 147573952589676412927. మధ్యలో 9 పక్కనున్న 5 ఎగిరిపోయింది. 21 అంకెలది 20కి దిగి, విలువ పదో వంతుకు పడిపోయింది. ఆర్కే బీచ్ ఇసుక రేణువుల పోలిక మీద పెట్టిన శ్రద్ధ సంఖ్య మీద పెట్టలేదు.

పెద్ద సంఖ్య గురించి రాసేవాడు దాన్ని సరిచూసే దారి కూడా పాఠకుడికి ఇచ్చి తీరాలి. అంకెలన్నీ కూడు: 109 వస్తుంది. 9తో భాగిస్తే శేషం 1. ఇటు 2 ఘాతం 6 అంటే 64, దాని శేషమూ 1. కాబట్టి 66వ ఘాతానికి 1, 67వ ఘాతానికి 2, అందులో 1 తీస్తే 1. సరిపోయింది. నీ సంఖ్యలో అంకెల మొత్తం 104, శేషం 5. గాజువాకలో ఎనిమిదో తరగతి పిల్ల కూడా పట్టుకునే తప్పు ఇది.

అయితే ఈ ఒక్క పరీక్షతో ఆగకు. రెండు అంకెలు తారుమారైనా, 0 ఉండాల్సిన చోట 9 పడినా 9 శేషం మారదు. అందుకని 11 పరీక్ష కూడా చెయ్యి. కుడి చివరి నుంచి ఒక అంకె కలుపుతూ, తర్వాతిది తీసేస్తూ వెళ్తే 17 వస్తుంది, శేషం 6. ఇటు 1024కు శేషం 1 కనక 67వ ఘాతం 128 లాగే 7 ఇస్తుంది, 1 తీస్తే 6. పక్కపక్క అంకెలు అటూఇటూ అయితే ఈ పరీక్షకు దొరికిపోతాయి.

‘దీన్ని విడగొట్టడానికి విశ్వం వయసు చాలదు’ అన్న వాక్యం కొట్టెయ్యి. 1903 అక్టోబరులో అమెరికన్ గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ దాన్ని రెండు కారణాంకాలుగా విడగొట్టి చూపించాడు: 193707721 × 761838257287. కంప్యూటర్లు లేని కాలం. గుడ్డిగా వెతికితే వర్గమూలం దాకా, అంటే 1,214 కోట్ల పైదాకా పోవాలి. కానీ దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 134తో భాగిస్తే శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. చిన్న కారణాంకం 134 × 1445580 + 1. రెండో షరతు సగం తీసేస్తే, అక్కడికి చేరేలోపు చూడాల్సినవి సుమారు 7.2 లక్షలే. కోల్ వర్గ శేషాలతో (వర్గ సంఖ్యలను భాగిస్తే మిగిలే శేషాలతో) జల్లెడ పట్టి ఇంకా తగ్గించాడు. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వు ఒక్క ముక్కా రాయలేదు!

అంకెలు కనిపిస్తే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని సంపాదకులు చెబుతారు. వినకు. ఆ మాట విని విని మన సైన్సు వ్యాసాలు ‘అబ్బురం’, ‘అనంతం’ అనే మాటలతో నిండిపోయాయి. 21 అంకెల సంఖ్యకు అనంతంతో ఏం పని?

కారణాంకాలు తెలియకుండానే ఇది సంయుక్త సంఖ్య అని 1876లో ఫ్రెంచి గణితవేత్త లూకా తేల్చాడు. ఆ పద్ధతిని తర్వాత అమెరికన్ గణితవేత్త లేమర్ సులువు చేశాడు. పాఠకుడికి 2047 మీద చూపించు, అది 2 ఘాతం 11లో 1 తక్కువ. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసి, 2047తో భాగించి శేషం ఉంచుకోవాలి. ఇలా 9 సార్లు: 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివర సున్నా రాలేదు, కనక ప్రధాన సంఖ్య కాదు. 23 × 89 సంగతి ఇందులో ఎక్కడా బయటపడదు. 67కు ఇదే పని 65 సార్లు.

శీర్షిక గురించి, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించి ఇప్పుడు వద్దు. ముందు కోల్ గుణకారం నీ చేత్తో చెయ్యి. రెండు సంఖ్యలనూ మూడేసి అంకెలుగా విడదీస్తే 12 చిన్న గుణకారాలే. 721 × 287 = 206927: 927 రాసి 206 పక్కన పెట్టు. తర్వాత 707 × 287, 721 × 257, ఆ 206 కలిపితే 388412: 412 రాసి 388 ముందుకు తీసుకుపో. మిగతా తొమ్మిది పూర్తి చేసి ఆ కాగితంతో పాటు వ్యాసం మళ్లీ పంపు.