ఎముకలో నింపిన బయోగ్లాస్‌ను మళ్లీ తీయించాలా?

మీ నాన్నగారికి పంటి చుట్టూ ఎముక అరిగిందని, ఆ గుంటలో బయోయాక్టివ్ గ్లాస్ (బయోగ్లాస్) రేణువులు నింపుతామని డెంటిస్ట్ చెప్పారని రాశారు. గాజు కదా, గుచ్చుకోదా, కొన్నాళ్లకు మళ్లీ తీయించాలా అన్నది మీ టెన్షన్. గుచ్చుకోదు, తీయించే పనీ సాధారణంగా ఉండదు. నేను డాక్టర్‌ని కాదు. ల్యాబ్‌లో ఈ గాజును కరిగించి, నూరి, పరీక్షించిన అనుభవంతో చెబుతున్నాను.

కిటికీ గాజులో సిలికా 70 శాతం దాకా ఉంటుంది. అందుకే ఎన్ని వానలు తడిపినా దానికేం కాదు. బయోగ్లాస్‌లలో అన్నిటికన్నా పాతది 45ఎస్5 అనే రకం. అందులో బరువు లెక్కన సిలికా 45 శాతమే, సోడియం ఆక్సైడ్, కాల్షియం ఆక్సైడ్ చెరో 24.5, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 6. ఇది నీటికి లొంగాలనే అలా కలుపుతారు.

రక్తంలో ఉండే లవణాల పాళ్లతో ఒక ద్రావణం చేసి, 37 డిగ్రీల దగ్గర ఈ గాజు బిళ్లల్ని నానబెడతాం. ముందు సోడియం బయటికొస్తుంది, దాని చోటికి హైడ్రోజన్ చేరుతుంది, ద్రావణం పీహెచ్ పెరుగుతుంది. బిళ్ల మీద సిలికా జెల్ పొర ఏర్పడి, దాని మీద కాల్షియం, ఫాస్ఫేట్ పేరుకుంటాయి. కొన్ని రోజులయ్యాక తీసి ఆరబెడితే, నున్నగా మెరిసిన బిళ్ల తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే కాలీఫ్లవర్ గుత్తుల్లాంటి పొర. ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో (స్ఫటికాలుంటే గ్రాఫ్‌లో శిఖరాలు చూపే పరీక్ష) మొదట ఒక మొద్దు ఉబ్బు తప్ప ఏమీ కనబడని గాజుకి, 32 డిగ్రీల కోణం దగ్గర అపటైట్ అనే ఖనిజపు శిఖరం లేస్తుంది. మన ఎముకలోని ఖనిజమూ అదే జాతి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ గ్రాఫ్ ముచ్చటగానే ఉంటుంది.

ఒంట్లో ఆ పొరకే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అల్లుకుని, ఎముక కణాలు చేరతాయి. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ బృందం ఎలుకల తొడ ఎముకలో ఈ గాజు ముక్కలు పెట్టింది. ఆరు వారాల తర్వాత లాగినా ఊడి రాలేదు. రేణువులు నెమ్మదిగా కరుగుతూ ఉంటాయి. కొన్ని ఏళ్ల తరబడి ఎముకలోనే మిగలొచ్చు, వాటితో ఇబ్బంది లేదు.

అయితే ఇది పెళుసు. విరిగిన తొడ ఎముకను ఇది ఒక్కటే మోయలేదు, అక్కడ రాడ్డో ప్లేటో పడాల్సిందే. పంటి పక్కన గుంటలో మోసే బరువు తక్కువ కాబట్టి అది దీనికి తగిన చోటే. (సెన్సిటివ్ పళ్ల టూత్‌పేస్టుల్లో కొన్నింటిలో ఇదే గాజు పొడి ఉంటుంది.)

గాజు సంగతి కన్నా గుంట ఆకారం గురించి డాక్టర్ని అడగండి. చుట్టూ గోడలున్న లోతైన గుంటలో రేణువులు నిలుస్తాయి, వెడల్పుగా తెరుచుకున్న చోట జారిపోతాయి. నాన్నగారికి సిగరెట్ అలవాటుంటే అదీ దాచకుండా చెప్పండి. మానకపోతే ఏ గ్రాఫ్ట్ (ఎముక గుంటలో నింపే పదార్థం) వేసినా ఫలితం తగ్గుతుంది.