పెదనాన్నకు పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) ఉంది, నాన్నకు పొట్ట ఉంది. బరువు తగ్గిస్తే ముప్పు తప్పుతుందా?

తప్పుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. హవాయిలోని హొనొలులులో జపాన్ సంతతి మగవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే, నడివయసులో జబ్బ వెనక కొవ్వు మడత మందంగా ఉన్నవాళ్లకే ఈ జబ్బు ఎక్కువగా వచ్చింది. 2017లో జన్యువుల ఆధారంగా చేసిన లెక్క దీనికి తలకిందులు: ఒళ్లు చేసే స్వభావం పుట్టుకతో ఉన్నవాళ్లకు ముప్పు కాస్త తక్కువ.

ఈ గందరగోళాన్ని జబ్బే ఇంకా పెంచుతుంది. చేయి వణకడానికి కొన్నేళ్ల ముందే చాలామందిలో బరువు దిగడం మొదలవుతుంది. అందుకే అరవై దాటాక తూచిన బరువును చూసి సన్నగా ఉంటే వస్తుందనో, లావుంటే రాదనో అనుకోకండి.

నాన్నగారి పొట్ట మాత్రం తగ్గాల్సిందే, షుగరు కోసం, గుండె కోసం. టైప్ 2 షుగరుకూ పార్కిన్సన్స్‌కూ సంబంధం ఉందని చాలా పరిశీలనల్లో తేలింది కూడా. టేపును బొడ్డు దగ్గర కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 దాటకూడదు. అన్నం ఒక్కసారిగా మానిపించి పస్తులు పెట్టొద్దు. ఈ వయసులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, అది తిరిగి రావడం చాలా కష్టం. రోజూ వేగంగా నడక, వారానికి రెండుసార్లు బరువులతో వ్యాయామం చాలు.

ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో 5 శాతం, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే సంతోషించకండి. ముందు షుగరు, థైరాయిడ్, టీబీ చూపించండి. దాంతోపాటు వాసనలు తెలియకపోవడం, మొండి మలబద్ధకం, నిద్రలో అరుస్తూ చేతులు విసరడం, దస్తూరీ చిన్నదైపోవడం, నడకలో ఒక చేయి ఊగకపోవడం ఉంటే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

పెదనాన్నగారి విషయంలో నా బెంగ వేరు. ఆయన చిక్కిపోకూడదు. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్ర (సిండోపా లాంటివి) భోజనానికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత వేయాలి. పప్పు, గుడ్డు, మాంసంలోని మాంసకృత్తులు పేగు దగ్గరా మెదడు గుమ్మంలోనూ ఆ మందుతో పోటీపడతాయి, మాత్ర పనిచేయలేదనిపిస్తుంది. అలాగని పప్పు మానేయొద్దు. ఎక్కువ వాటా రాత్రికి మార్చవచ్చేమో డాక్టరునడగండి. వికారం ఉంటే మాత్రతో రెండు బిస్కెట్లు పెట్టండి, పాలు వద్దు.