కథనూ సమాచార పాఠాన్నీ జత చేసి చదవడం ఎలా నేర్పాలి?

మూడో తరగతికి రెండూ ఒకే విషయం మీద ఉండాలి. ఒంగోలు వైపు పిల్లలకైతే ఒంగోలు జాతి గిత్త బాగా కుదురుతుంది. మొదటి రోజు మాట్లాడే గిత్త కథ. రెండో రోజు ఆరేడు వాక్యాల సమాచారం: తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, మెడ కింద వేలాడే గంగడోలు (వదులు చర్మం), బ్రెజిల్‌కు వెళ్లిన ఈ జాతిని అక్కడ ‘నెలోర్’ అంటారన్న సంగతి (మన నెల్లూరు పేరే అది!). మూపురం, గంగడోలు ముందే బొమ్మ మీద చూపించండి. లేకపోతే అక్షరాలు కూడబలుక్కుంటారే గానీ అర్థం తలకెక్కదు.

తర్వాత బోర్డు మీద రెండు గళ్లు: ‘కథలో’, ‘నిజంగా’. ‘గిత్త ఏడుస్తూ మాట్లాడింది’ ఏ గడిలోకి? జవాబు చెప్పిన బిడ్డ పాఠంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపాలి. ఇది వదిలేస్తే చదవకుండా ఊహించి చెప్పేస్తారు. సమాచారాన్ని కథలా గబగబా చదివించకండి, వాక్యానికోసారి ఆగాలి.