రాబట్టడమా, పునరుద్ధరించడమా?

సందేహం: దెబ్బతిన్న పెన్‌డ్రైవు నుంచి లినక్స్ సాయంతో ఫైళ్లను వెనక్కి తెచ్చుకునే విధానాన్ని తెలుగులో రాస్తున్నాను. ‘రికవరీ’ వచ్చిన ప్రతిచోటా ‘పునరుద్ధరణ’ అని పెట్టాను. మాట బరువుగా ఉందని మిత్రులు అంటున్నారు. మార్చాలా?

సమాధానం: బరువు సంగతి అలా ఉంచండి. మీరు చెప్పబోయే విధానంలో రెండు వేర్వేరు పనులున్నాయి. రెండింటికీ ఒకే మాట పెడితే పాఠకుడికి నష్టం జరుగుతుంది.

వ్యుత్పత్తి మీ పక్షానే ఉంది. ఉద్ధరణ అంటే పైకి తీయడం. తీర్థం తీసి ఇచ్చే చిన్న చెంచాను ఉద్ధరిణె అంటున్నది అందుకే. కాని వాడుక ఆ అర్థం దగ్గర ఆగలేదు. పాడుబడ్డ గుడిని మళ్లీ నిలబెడితే జీర్ణోద్ధరణ, ఆగిన కరెంటు తిరిగి వస్తే విద్యుత్ పునరుద్ధరణ. రెండుచోట్లా ఉన్నది ఉన్నచోటే మునుపటి స్థితికి వస్తుంది. రాబట్టడం అలా కాదు. బాకీ రాబడతాం, నిజం రాబడతాం. ఇవ్వడానికి మొరాయించే చోటు నుంచి దక్కినంత చేజిక్కించుకోవడం అది.

ఇప్పుడు అసలు పని చూడండి. మొదట డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో డ్రైవు మొత్తానికి నకలు తీయాలి. అది బాగున్న భాగాలను ముందు చదివేసి, చదవనివ్వని చోట్లను దాటిపోయి, వాటి దగ్గరకు తర్వాత మళ్లీ వస్తుంది. ఎంతవరకు చదివిందీ మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఆ నకలు మీద ఫోటోరెక్ అనే ప్రోగ్రామును నడిపితే, ఫైల్ సిస్టమ్‌తో (ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే ఏర్పాటుతో) నిమిత్తం లేకుండా ఫైళ్ల ఆనవాళ్లను వెతుకుతుంది. జేపెగ్ ఫొటో అయితే ఎఫ్‌ఎఫ్, డి8, ఎఫ్‌ఎఫ్ అనే బైట్లతో మొదలవుతుంది. అలా దొరికిన ఫైళ్లకు సాధారణంగా పాత పేర్లు ఉండవు, ‘ఎఫ్’ అక్షరం పక్కన అంకెలు కనిపిస్తాయి. పేరు పోయి సరుకు మాత్రం దక్కిన ఈ స్థితిని పునరుద్ధరణ అనలేం. రాబట్టాం, అంతే.

టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాముతో, పోయిన పార్టిషన్ పట్టికను (డ్రైవు ఏయే భాగాలుగా ఉందో చెప్పే జాబితాను) తిరిగి రాయించవచ్చు. ఎఫ్ఎస్‌సీకే అనే లినక్స్ ఆదేశం ఫైల్ సిస్టమ్‌ను అక్కడికక్కడే సరిచేస్తుంది. ఇవీ పునరుద్ధరణలు. డ్రైవు మీదే రాసే పనులు కాబట్టి నకలు తీయకముందు వీటి జోలికి పోతే మిగిలిన డేటా కూడా పోవచ్చు. మీ మొదటి అంచెలోనే ‘పెన్‌డ్రైవును పునరుద్ధరించండి’ అని కనబడితే పాఠకుడు నేరుగా ఈ పనికే దిగుతాడు. ఎవరింటి పెళ్లి ఫొటోలో, ఎవరి పరిశోధన వ్యాసమో అందులో ఉండి ఉంటుంది. నేనింత పట్టుబట్టేది అందుకే.

శీర్షికకు ‘పాడైన పెన్‌డ్రైవు నుంచి ఫైళ్లు రాబట్టడం’ చక్కగా సరిపోతుంది. డిస్క్ ఇమేజ్‌ను ‘ప్రతిబింబం’ అనకండి, అద్దం గుర్తొస్తుంది. ‘డ్రైవు మొత్తం నకలు’ అంటే అందరికీ అర్థమవుతుంది. టెస్ట్‌డిస్క్ గురించి చెప్పేచోట పునరుద్ధరణను నిస్సంకోచంగా ఉంచుకోండి. అయితే ‘పునరుద్దరణ’ అని రాయకండి. ఉత్, హరణ కలిసి ఉద్ధరణ అయింది కాబట్టి అక్కడ ధకార వత్తు ఉండాలి.