డార్కింగ్ నుంచి ధవళేశ్వరానికి ఒక కార్డు
(పాత ఫొటోలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మా ముత్తాతగారు ధవళేశ్వరం ఆనకట్ట ఆఫీసులో గుమస్తాగా చేశారు. ఆయన భోషాణంలో ఇంగ్లండు నుంచి వచ్చిన బొమ్మ పోస్టుకార్డు ఒకటి దొరికింది. ముందువైపు డార్కింగ్ హై స్ట్రీట్ అని, కింద మూలన ఒక నంబరు, ‘ఎఫ్.ఎఫ్. అండ్ కో., రైగేట్’ అని ఉన్నాయి. స్టాంపు ఎప్పుడో ఎవరో పిల్లలు నానబెట్టి ఊడదీశారు, దాంతో ముద్ర కూడా పోయింది. ఉత్తరం సగం చెరిగిపోయింది. ఇది ఏ కాలం నాటిది? మా ఇంట్లో అందరూ కాటన్ దొరగారే స్వయంగా పంపారని చెప్పుకుంటారు. నిజమేనా?
– రాజమండ్రి పాఠకురాలు

జవాబు: ముందు ఆ చివరి మాట తేల్చేద్దాం. కాదమ్మా. సర్ ఆర్థర్ కాటన్ 1899 జులై 24న డార్కింగ్‌లోనే కన్నుమూశారు. మీ కార్డు ఆ తరవాతది. ఎలా చెప్పగలుగుతున్నానంటే, మీరు పంపిన రెండో ఫొటో, అంటే కార్డు వెనకవైపు చూడండి. మధ్యలో నిలువు గీత ఉంది. కుడివైపు చిరునామా, ఎడమవైపు ఉత్తరం. ఇంగ్లండులో 1902కి ముందు ఇలా రాయనిచ్చేవాళ్ళు కాదు. వెనకవైపంతా చిరునామాకే. చెప్పదలచుకున్న రెండు ముక్కలూ బొమ్మ పక్కన ఇరుకులో ఇరికించాల్సిందే. గీత కొట్టిన కార్డులకి తపాలా శాఖ ఒప్పుకున్నది 1902లో.

స్టాంపు ఉంటే ఇంకా సులువయ్యేది. బ్రిటిష్ స్టాంపు మీద దేశం పేరు వేయరు, రాజు తల ఒక్కటే ఉంటుంది. పాత కార్డులు పోగేసే మాలాంటివాళ్ళకి ఆ తలే పంచాంగం. ఏడో ఎడ్వర్డ్ తల 1902 నుంచి, ఐదో జార్జి తల 1911 నుంచి. ఇద్దరికీ గడ్డమే కాబట్టి చూపు కాస్త నిదానించాలి. స్టాంపులు ఊడదీసే పిల్లలు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు, వాళ్ళని ఏమీ అనలేం.

ఇప్పుడు బొమ్మలోకి వెళ్దాం. అందరూ వెనకున్న సెయింట్ మార్టిన్స్ చర్చి శిఖరాన్ని చూస్తారు. దాన్నించి మనకి తెలిసేది తక్కువ, 1877 నుంచీ అక్కడే ఉంది. ఎడమ అంచున దుకాణం ముందు ఆగిన మోటారు కారు చూడండి. దానికి నంబరు పలక ఉంది. కార్లకి నంబర్లు తప్పనిసరి చేసింది 1904 జనవరి 1న. పెద్దది చేసి చూస్తే మొదటి అక్షరం ‘పి’ అని కనిపిస్తోంది. అది సర్రే కౌంటీ అక్షరం, అంటే కారు ఆ చుట్టుపక్కలదే. ఆడవాళ్ళ పావడాలు నేలని ఊడుస్తున్నాయి, తలకి టోపీ లేని మగవాడు ఒక్కడూ లేడు. మొదటి యుద్ధం తరవాత వీధిలో ఈ వేషాలు కనిపించవు. కాబట్టి ఫొటో తీసింది 1904కీ 1914కీ మధ్య. కార్డు పోస్టు చేసింది మాత్రం కొన్నేళ్ళు ఆలస్యంగా కావచ్చు. అమ్ముడుపోయే బొమ్మని కంపెనీలు ఏళ్ళ తరబడి అచ్చు వేస్తూనే ఉండేవి.

ఆ కంపెనీ సంగతి చెప్పకపోతే మనసొప్పదు. ఎఫ్.ఎఫ్. అంటే ఫ్రాన్సిస్ ఫ్రిత్. 1822లో చెస్టర్‌ఫీల్డ్‌లో పుట్టాడు. లివర్‌పూల్‌లో టోకు కిరాణా వ్యాపారం చేసి, బాగా గడించి, అమ్మేసి, గాజు పలకలూ రసాయనాలూ వేసుకుని ఈజిప్టు, పాలస్తీనా తిరిగొచ్చాడు. తరవాత రైగేట్‌లో కంపెనీ పెట్టి, బ్రిటన్‌లో ప్రతి ఊరినీ ఫొటో తీస్తానన్నాడు. 1898లో ఆయన పోయాక కూడా కొడుకులు, వాళ్ళ తరవాతివాళ్ళు దాన్ని నడిపారు. ఆ ఫొటోల నిధి ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులో ప్రతి బొమ్మకీ నంబరు, ఊరు, సంవత్సరం ఉంటాయి. మీ కార్డు మూలన ఉన్న ఆ చిన్న నంబరు రాసి అడగండి, నేను పదేళ్ళ వెడల్పున చెప్పిన కాలాన్ని వాళ్ళు ఒక్క ఏడుకి దించేస్తారు.

నేనుండేది రైగేట్ పక్కనే. డార్కింగ్‌కి ఆరు మైళ్ళుంటుంది, డీప్‌డీన్ స్టేషన్‌కి రైలు ఉంది. మీ ఫొటో పట్టుకుని వెళ్ళి హై స్ట్రీట్‌లో నిలబడి చూశాను. ఒక వైపు కాలిబాట రోడ్డుకన్నా ఎత్తుగా అరుగులా ఉంటుంది, కార్డులోనూ అలాగే ఉంది. పై అంతస్తుల కిటికీలు చాలావరకు కలిశాయి. కింద దుకాణాలే పూర్తిగా మారిపోయాయి. ఇంగ్లండులో పాత వీధిని పోల్చుకోవాలంటే తల పైకెత్తి చూడాలి. అద్దాల ముందరి భాగాలు మారుస్తారు గాని పైన ఇటుకల జోలికి అంతగా వెళ్ళరు.

అక్కణ్ణించి రైగేట్ రోడ్డులో శ్మశానానికి వెళ్ళాను. కాటన్ సమాధి అక్కడే. మనవాళ్ళు వచ్చి పూలు పెట్టి వెళ్తుంటారు. గోదావరి వాళ్ళం కదా, మా నాయనమ్మ స్నానం చేస్తూ ‘కాటనుం తం భగీరథం’ అని శ్లోకం చదువుకోవడం విన్న చెవులివి. అక్కడ ఫలకం చదువుతుంటే పక్కనే నడుస్తున్న పెద్దాయన ఎవరు ఈయన అని అడిగాడు. డార్కింగ్‌లో పుట్టి పెరిగాడట. 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్ట గురించి నేను చెబితే, దొరగారి కూతురు కూలివాళ్ళు సారా జోలికి పోకుండా ఈ ఊళ్ళో కాఫీ గది నడిపిందన్న సంగతి ఆయన చెప్పాడు. ఇద్దరం చెరో సగం తెచ్చుకున్నట్టయింది.

పంపినదెవరంటారా? ఉత్తరం చివర రెండు పొడి అక్షరాలు చదవగలిగాను, వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. పదవీ విరమణ చేసి ఇంటికి తిరిగెళ్ళిన ఇంజనీరో ఓవర్సీరో అయ్యుంటారని నా ఊహ. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్నాయి. అందులో మద్రాసు ప్రెసిడెన్సీ ఉద్యోగుల జాబితాలుంటాయి. 1900 చుట్టుపక్కల గోదావరి డివిజన్‌లో పనిచేసినవాళ్ళ పేర్లతో ఆ పొడి అక్షరాలు పోల్చాలి. ఓపిక ఉంటే అయ్యే పని.

ప్రశ్న: నేను రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆదివారం కార్ బూట్ సేల్‌లో, అంటే కార్ల డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే సంతలో, బిస్కెట్ల డబ్బా నిండా నలుపు తెలుపు ఫొటోలు కొన్నాను. కార్డులు కావు, ఎవరో సొంతంగా తీసుకున్నవి. అన్నీ పల్లెటూళ్ళే, అన్నీ ఒకేలా ఉన్నాయి: చర్చి, పబ్బు, పచ్చిక. ఒకదాని వెనక మాత్రం లేకాక్ అని పెన్సిలుతో రాసుంది. కాలం ఎలా పట్టుకోవాలి?

జవాబు: చర్చిని వదిలెయ్యి నాయనా, అది వందల ఏళ్ళుగా అలాగే ఉంది. పొగగొట్టాలు చూడు. వాటి పక్కన ఇంగ్లిషు హెచ్ అక్షరం లాంటి ఇనప చట్రం కనిపిస్తే అది టీవీ ఏరియల్. లండన్‌లో టీవీ 1936లోనే మొదలైనా, పల్లెల్లో చాలా ఇళ్ళకి అది ఎక్కింది 1953 జూన్ 2న రాణి పట్టాభిషేకం వేళకే. పచ్చిక మీద రాతి శిలువ ఉంటే, దాని మీద చనిపోయిన సైనికుల పేర్లుంటే, ఫొటో మొదటి యుద్ధం తరవాతది. రోడ్డు కూడలిలో చేతులు విరిగిన దారిస్తంభం ఉంటే 1940 అనుకో: జర్మన్లు దిగితే దారి తెలియకూడదని ఊళ్ళ పేర్లన్నీ తీసేశారు. ప్రహరీ గోడ మీద ఇనప కమ్మీలు మొదలంటా కోసేసి మొండేలు మిగిలుంటే యుద్ధానికి ఇనుము సేకరించాక తీసినది. ఆ మొండేలు ఇప్పటికీ చాలా ఊళ్ళలో చేతికి తగులుతాయి. కారు నంబరు చివర ఒక్క అక్షరం అదనంగా ఉంటే 1963 లేదా ఆ తరవాతది.

ఈ ఉపాయాలేవీ పనిచేయని ఊరు నీ డబ్బాలోనే ఉంది. లేకాక్‌ని 1944లో యజమానురాలు మటిల్డా టాల్బట్ పాత కట్టడాలని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టుకి ఇచ్చేసింది. తీగలు కనపడవు, ఏరియళ్ళు కనపడవు. పాత కాలం సినిమాలు తీసేవాళ్ళు అందుకే అక్కడికి పరుగెత్తుతారు. నాకైతే ఆ ఊరు మరీ ముస్తాబు చేసినట్టుంటుంది, ఎవరైనా కోప్పడినా సరే. ఒక్క కిటికీ కోసం మాత్రం వెళ్ళి తీరాలి. అక్కడి అబ్బీలో, అంటే ఒకప్పటి మఠంలో, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835 ఆగస్టులో ఒక కిటికీని చిన్న కాగితం ముక్క మీదకి దించాడు. ఈ రోజుకీ నిలిచి ఉన్న నెగటివ్‌లలో అంతకన్నా పాతది లేదు. నీ ఫొటోలో మనుషులుంటే దుస్తులు చూడు, లేకపోతే లేకాక్‌ని పక్కన పెట్టేసి మిగతావాటితో మొదలుపెట్టు.

ప్రశ్న: 1960లలో నాన్నగారు జౌళి ఇంజనీరింగు చదవడానికి లీడ్స్ వెళ్తే అమ్మా నేనూ కూడా వెళ్ళాం. యూనివర్సిటీకి దగ్గరలో ఒక సందులో ఉండేవాళ్ళం. ఆ సందు కూల్చేశారట. ఏ పాత ఫొటోల పుస్తకం తీసినా టౌన్‌హాలు, పార్కులే. మా సందు ఎక్కడా లేదు. మనవలకి చూపించాలని ఆశ.
– గుంటూరు పాఠకుడు

జవాబు: పుస్తకాల్లో ఉండదండీ. పోస్టుకార్డు కంపెనీ ఫొటోగ్రాఫరు మీ సందులోకి రాడు, దాన్ని ఎవరు కొంటారు? కానీ ఇంకొకడు వస్తాడు, నగరపాలక సంస్థ మనిషి. కూల్చబోయే ముందు ఇల్లు ఇల్లూ ఫొటో తీయడం లీడ్స్‌లో పాత అలవాటు, క్వారీ హిల్ ప్రాంతాన్ని ఖాళీ చేయించినప్పటి నుంచీ ఉంది. ఆ ఫొటోలు లీడ్స్ గ్రంథాలయాల వాళ్ళ దగ్గర ‘లియోడిస్’ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వీధి పేరుతో వెతకవచ్చు. ఆ నాటి వీధి పేరు సరిగ్గా రాసి పెట్టుకోండి, స్ట్రీట్, ప్లేస్, టెర్రస్ అన్న చివరి మాటతో సహా. ఒకే పేరుతో నాలుగు సందులుంటాయి అక్కడ.

దొరికాక మీకు కాస్త దిగులేస్తుంది, ముందే చెబుతున్నాను. అవి నేరస్థలం ఫొటోల్లా ఉంటాయి. మీ ఉత్తరంలో మిగతా వర్ణన బట్టి మీది వీపులు కలిపి కట్టిన ఇళ్ళ వరస: వెనక గోడ అవతలింటిదే, కిటికీలన్నీ ఒకవైపే, మరుగుదొడ్డి వీధిలో. దేశమంతా 1909లో వాటిని కట్టొద్దన్నా లీడ్స్‌లో 1930ల దాకా కడుతూనే వచ్చారు. పెరడు లేదు కాబట్టి సోమవారం ఉతికిన బట్టలు వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి ఆరేసేవాళ్ళు. బొగ్గు లారీ వస్తే ఆడవాళ్ళు వచ్చి గెడతో ఎత్తి దారిచ్చేవాళ్ళు. ఆ తాళ్ళ ఫొటోలు నేను బోలెడు చూశాను. వాటి మీద చీర ఆరేసిన ఫొటో ఇంతవరకూ చూడలేదు. మీ అమ్మగారు ఆరేశారా? ఆరు గజాలు ఆ తాడు మీద పడితే ఎదురింటివాళ్ళు ఏమన్నారు? గుర్తున్నంత మటుకు రాసి నాకు పంపండి, ఫొటో దొరికితే రెండూ కలిపి వచ్చే సంచికలో వేద్దాం. లియోడిస్ వాళ్ళకి ఇంగ్లిషులో కూడా పంపండి, వాళ్ళ దగ్గర ఇలాంటిది ఉండే అవకాశం తక్కువ.

ప్రశ్న: ఫొటోల వెనక పేర్లు బాల్‌పెన్నుతో రాయవచ్చా? లామినేషన్ చేయిస్తే మంచిదా?

జవాబు: రెండూ వద్దు. పెన్ను ఇవతలికి ఉబుకుతుంది, లామినేషన్ మళ్ళీ ఊడదు. మెత్తటి పెన్సిలుతో, అంచున, నొక్కకుండా. సెల్లోటేపు ఇంట్లో ఉంటే దాచెయ్యండి.

ప్రశ్న: మా తాతయ్య ఇంగ్లండు నుంచి తెచ్చిన కార్డులు ఒక పెట్టెడున్నాయి. అమ్మితే ఎంతొస్తుంది?

జవాబు: హై స్ట్రీట్లు, కెథడ్రళ్ళు అయితే సంతలో ఒకటి రెండు పౌండ్లకి మించి నేను ఇవ్వను. పల్లెటూరి రైల్వే స్టేషను, దుకాణం ముందు నిలబడ్డ యజమాని, పాలబండి, ఇలాంటివుంటే బేరం వేరు. 1963లో, నష్టాల్లో ఉన్న రైలు మార్గాలు మూసేయమన్న బీచింగ్ నివేదిక తరవాత మూతపడ్డ స్టేషన్ల కార్డుల కోసం నాకన్నా ముందు లేచి వచ్చి క్యూలో నిలబడేవాళ్ళున్నారు. అయినా ముందు వెనకవైపు చదవండి. తాతయ్య చేతిరాత ఉన్నవి అమ్మకండి.