ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ వేయిస్తే మసకగా వస్తోంది, అంచు తెగిపోతోంది. ఏం చేయాలి?

మీరు అడిగినవి మూడు. కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రింట్ స్క్రీన్ కీ నొక్కితే ఏమీ జరగడం లేదు. అమ్మాయి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో పెట్టుకున్న వెబ్ ఆప్షన్లను, అంటే కాలేజీలు, బ్రాంచ్‌ల ప్రాధాన్య జాబితాని, స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ వేయిస్తే అక్షరాలు మసకబారాయి, ఎడమ పక్క వరస నంబర్లు ఎగిరిపోయాయి. ఇక ఇంట్లోకి ఒక ప్రింటర్ కొనాలా వద్దా అన్నది మూడోది. నాది హనుమకొండలో నెట్, జిరాక్స్ షాపు. కౌన్సెలింగ్ సీజన్ వచ్చిందంటే అచ్చం మీ సమస్యతోనే తల్లిదండ్రులు కౌంటర్ ముందు నిలబడతారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. మీకు కావాల్సింది కాగితమైతే, చాలాసార్లు స్క్రీన్‌షాట్ అక్కర్లేదు. ఆ పేజీ క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో తెరిచి ఉండగానే కంట్రోల్ పట్టుకుని పి నొక్కండి. ప్రింటర్ పేరు ఉండే చోట 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకోండి. ఫైల్ చేతికొస్తుంది. అందులో అక్షరం అక్షరంగానే ఉంటుంది, బొమ్మగా మారదు. ఎంత పెద్దగా ప్రింట్ వేసినా పదునుగానే వస్తుంది. పైగా పేజీ కిందకి ఎంత పొడుగున్నా రెండు మూడు కాగితాలుగా మొత్తం వస్తుంది. వెబ్ ఆప్షన్లకైతే ఇంకా సుళువు. ఆప్షన్లు సేవ్ చేశాక ఆ సైట్లోనే ప్రింట్ తీసుకునే వీలుంటుంది. దాన్ని వదిలేసి స్క్రీన్ ఫొటోలు తీసుకొచ్చేవాళ్లే మా దగ్గరికి ఎక్కువ.

పట్టిక వెడల్పుగా ఉంటే ఆ ప్రింట్ విండోలోనే లేఅవుట్‌ని ల్యాండ్‌స్కేప్‌కి, అంటే కాగితం అడ్డంగా ఉండేలా, మార్చండి. అప్పటికీ కుడి పక్క తెగుతుంటే 'మోర్ సెట్టింగ్స్'లో స్కేల్ అని ఉంటుంది, 100 తీసి 80 పెట్టి చూడండి. అక్కడే 'హెడర్స్ అండ్ ఫుటర్స్' అన్న టిక్ కూడా కనిపిస్తుంది. కాగితం నీట్‌గా ఉండాలని దాన్ని చాలామంది తీసేయమంటారు. నేను మాత్రం ఉంచమంటాను. తేదీ, టైము, ఆ పేజీ అడ్రసు కాగితం అంచుల్లో చిన్నగా పడతాయి. రేపు ఏదైనా తేడా వస్తే ఆ చిన్న లైనే పనికొస్తుంది.

మరి స్క్రీన్‌షాట్ ఎప్పుడు? పేజీ ప్రింట్‌కి లొంగనప్పుడు. కొన్ని సైట్లలో కంట్రోల్, పి కొడితే సగం ఖాళీ కాగితం వస్తుంది. పాప్‌అప్‌గా వచ్చిన ఎర్రర్ మెసేజ్ ప్రింట్‌లోకి రాదు. డబ్బు కట్ అయ్యాక 'ట్రాన్సాక్షన్ ఫెయిల్డ్' అని ఒక్క క్షణం కనిపించి పోయే పేజీ ఉంటుంది చూడండి, దానికి స్క్రీన్‌షాట్ తప్ప దిక్కులేదు.

ఇప్పుడు మీ కీ సంగతి. అది పాడవలేదు. విండోస్‌లో ఒట్టి ప్రింట్ స్క్రీన్ నొక్కితే బొమ్మ క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసినవి తాత్కాలికంగా ఉండే చోటికి వెళ్తుంది, అంతే. తెర మీద చప్పుడూ ఉండదు, మెరుపూ ఉండదు. పెయింట్‌లోనో వర్డ్‌లోనో కంట్రోల్, వి కొడితే బయటపడుతుంది. విండోస్ 11లో 2023 నుంచి పద్ధతి మారింది, అదే కీ నొక్కితే విండోస్‌లోనే ఉండే స్క్రీన్‌షాట్ యాప్ స్నిప్పింగ్ టూల్ తెరుచుకుంటుంది. అదీ రాలేదంటే మీ ల్యాప్‌టాప్‌లో ఆ కీకి ఇంకో పని కూడా అంటగట్టి ఉంటారు. కీ మీద చూడండి, 'పీఆర్‌టీఎస్‌సీ' (ప్రింట్ స్క్రీన్‌కి పొట్టి పేరు) అన్న అక్షరాలు మూలన చిన్నగా, వేరే రంగులో ఉంటే, కింద ఎడమ వైపున్న ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాలి. కొన్ని మోడళ్లలో అది ఎఫ్10 మీద ఉంటుంది. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో అయితే కింద కుడి పక్క ఆల్ట్‌కి, కంట్రోల్‌కి మధ్యన దాక్కుంటుంది.

ఈ వెతుకులాట అంతా దేనికి అనుకుంటే విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కండి. తెర కాస్త నల్లబడుతుంది, మౌస్‌తో కావలసినంత మేరకే గీత గీయండి. విండోస్ 10లోనూ పనిచేస్తుంది, 11లోనూ పనిచేస్తుంది, ప్రింట్ స్క్రీన్ కీతో పనే లేదు. నేను షాపులో రోజంతా వాడేది ఇదే. మొత్తం తెర నేరుగా ఫైల్‌గా కావాలంటే విండోస్ కీతో ప్రింట్ స్క్రీన్ నొక్కండి, పిక్చర్స్ ఫోల్డర్లో స్క్రీన్‌షాట్స్ అనే చోటికి చేరుతుంది. అక్కడ కనిపించకపోతే కంగారు పడకండి, మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్ కింద ఉంటుంది. ఆల్ట్‌తో ప్రింట్ స్క్రీన్ కొడితే ముందున్న విండో ఒక్కటే వస్తుంది, వెనకున్న మీ వాట్సాప్ చాట్లు రావు. మ్యాక్ వాళ్లకి కమాండ్, షిఫ్ట్, 4. ఫైల్ డెస్క్‌టాప్ మీద పడుతుంది.

పేజీ పొడుగ్గా ఉండి పీడీఎఫ్ కుదరకపోతే ముక్కలు ముక్కలుగా తీయకండి. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ మీద రైట్ క్లిక్ చేస్తే 'టేక్ స్క్రీన్‌షాట్' ఉంటుంది, అందులో 'సేవ్ ఫుల్ పేజ్' నొక్కితే పైనుంచి కిందిదాకా ఒకే బొమ్మగా వస్తుంది. ఎడ్జ్‌లో అదే పని కంట్రోల్, షిఫ్ట్, ఎస్‌తో అవుతుంది.

ఇక మసక. దీనికి జనం ప్రింటర్‌ని తిడతారు, ఇంకు మార్చమంటారు. ప్రింటర్ తప్పేమీ లేదు. మామూలు ల్యాప్‌టాప్ తెర అడ్డంగా 1366 చుక్కలు (పిక్సెళ్లు), కాస్త మంచిదైతే 1920. ఏ4 కాగితం నిలువుగా పెడితే వెడల్పు 8.27 అంగుళాలు, అడ్డంగా పెడితే 11.69. ఆ 1366 చుక్కల్ని అడ్డంగా పెట్టిన కాగితం నిండా పరిస్తే అంగుళానికి 117 చుక్కలే దక్కుతాయి. పుస్తకాల ప్రింటింగ్‌లో బొమ్మలకి అంగుళానికి 300 చూస్తారు. గరిటెడు పిండితో పెనమంతా దోసె లాగినట్టే, ఎక్కడో చిరుగుతుంది. అందుకే 'పెద్దగా వేయండి అన్నా, కనిపించట్లేదు' అన్నవాళ్లకి పెద్దగా వేసిస్తే ఇంకా మసకగా వస్తుంది.

దీనికి మందు ప్రింట్ దగ్గర లేదు, స్క్రీన్‌షాట్ తీయడానికి ముందే ఉంది. బ్రౌజర్‌లో కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కుతూ పేజీని 150 శాతానికో 175 శాతానికో పెంచండి. అప్పుడు ఒక్కో అక్షరానికి ఎక్కువ చుక్కలు పడతాయి. తెరలో పట్టే భాగం తగ్గుతుంది కాబట్టి పట్టికని రెండు మూడు షాట్లుగా తీయాల్సి వస్తుంది, తీయండి. ఎఫ్11 నొక్కితే పైనున్న ట్యాబులు, బుక్‌మార్కులు మాయమై కాస్త చోటు కలిసొస్తుంది. తెలుగు పేజీలకైతే ఇది తప్పనిసరి. ఒత్తులు, గుడి, సున్నా అన్నీ చిన్న చిన్న గీతలు కదా, 100 శాతం దగ్గర తీసిన షాట్‌లో 'క్ష' కింద ఏదో ముద్దలా అంటుకుపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఎలాగోలా గట్టెక్కుతాయి.

మసకకి రెండో కారణం వాట్సాప్. ల్యాప్‌టాప్‌లో చక్కగా తీసిన పీఎన్‌జీ ఫైల్‌ని ఫొటోగా షాపు నంబర్‌కి పంపుతారు. అది సైజు తగ్గి, జేపీజీగా మారి, అక్షరాల చుట్టూ బూజు పట్టినట్టు మరకలతో వస్తుంది. పిన్ను గుర్తో ప్లస్ గుర్తో ఏది ఉంటే అది నొక్కి 'డాక్యుమెంట్'గా పంపండి, ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. ఇక తెరని ఫోన్‌తో ఫొటో తీసి పంపేవాళ్ల గురించి ఏం చెప్పను, ఆ వంకర చారలతో నేనేమీ చేయలేను.

మీ వరస నంబర్లు ఎందుకు ఎగిరిపోయాయో కూడా నాకు దాదాపు తెలుసు. విండోస్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రింట్ కొడితే (కనిపించకపోతే 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాలి) ఒక విండో వస్తుంది. దాని కింది భాగంలో 'ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్' అని చిన్న టిక్ ఉంటుంది. పేరు చూసి బొమ్మని కాగితంలో పట్టేలా సర్దుతుందనుకుంటాం. అది చేసే పని వేరు, కాగితం నిండేదాకా బొమ్మని సాగదీసి, మిగిలిన అంచుల్ని కోసేస్తుంది. ఫొటో అయితే ఆకాశం కాస్త పోతుంది, ఎవరూ పట్టించుకోరు. ఆప్షన్ల పట్టికలో అయితే పోయేది ఎడమ చివరనున్న ప్రాధాన్య సంఖ్య. కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్ మిగిలి ఏది ముందో ఏది వెనకో తెలియని కాగితం చేతికొస్తుంది. ఆ టిక్ తీసేయండి. తెల్ల అంచులు మిగులుతాయి, మిగలనివ్వండి. షాపులో అయితే 'అన్నా, ఫిట్ టు ఫ్రేమ్ తీసెయ్' అని మీరే చెప్పండి, రద్దీలో మాకూ గుర్తుండదు.

షాట్లు నాలుగైదు ఉంటే వర్డ్‌లో వరసగా అతికించి పీడీఎఫ్ చేసుకుని తీసుకెళ్లడం మంచిది. పేజీలు తారుమారు కావు. డార్క్ మోడ్ మాత్రం ముందే ఆపేయండి. నల్ల తెరని ఇంక్‌జెట్‌లో వేస్తే ఇంకు తాగి కాగితం చెమ్మగిల్లి వంకర తిరుగుతుంది, పేజీకి రెట్టింపు డబ్బులు అడిగినా నన్ను అనకండి.

షాపుకి ఇచ్చే ముందు ఇంకో జాగ్రత్త. ఆధార్, అకౌంట్ నంబర్లు కనిపిస్తుంటే కోసేయండి, లేదా చిక్కటి నల్లటి డబ్బాతో కప్పేయండి. హైలైటర్‌తో నలుపు రుద్దితే చాలదు, బ్రైట్‌నెస్ పెంచితే కింద అంకెలు బయటపడతాయి. వర్డ్‌లో క్రాప్ చేస్తే కోసిన భాగం ఫైల్లోనే ఉంటుంది, ఆ వర్డ్ ఫైల్ పంపితే అవతలివాడు వెనక్కి లాగి చూడొచ్చు. 2023 మార్చిలో స్నిప్పింగ్ టూల్‌లోనే ఇలాంటి లోపం బయటపడింది. కోసి అదే పేరుతో సేవ్ చేసిన బొమ్మలో కోసేసిన భాగం తాలూకు డేటా మిగిలిపోయేది. మైక్రోసాఫ్ట్ అదే నెలలో సరిచేసింది, అప్‌డేట్లు ఆపుకుని కూర్చున్న ల్యాప్‌టాప్ అయితే వెంటనే చేసుకోండి. ప్రింట్ అయ్యాక షాపు కంప్యూటర్లో మీ ఫైల్ మీ కళ్ల ముందే డిలీట్ చేయించండి, రీసైకిల్ బిన్‌తో సహా. మొహమాటం అక్కర్లేదు, నా షాపులో అడిగితే నేనేమీ అనుకోను.

సైబర్ మోసంలో డబ్బు పోయి స్క్రీన్‌షాట్లు ప్రింట్ వేయించుకోవడానికి పరుగెత్తుకొచ్చేవాళ్లుంటారు. వాళ్లకి నేను ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమంటాను, ప్రింట్లు తర్వాత. షాట్‌లో యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబర్), తేదీ, టైము కనిపించాలి. కోర్టు దాకా వెళ్లే వ్యవహారమైతే ఒట్టి ప్రింటు చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, ఇదివరకు పాత సాక్ష్య చట్టంలో 65బి అనేవారు చూడండి, అదే. వకీలుని అడగండి, ఈలోగా అసలు ఫైల్‌నీ, ఆ ఫోన్‌నీ ఫార్మాట్ చేయకుండా ఉంచండి.

ప్రింటర్ విషయం. ఏడాదిలో కౌన్సెలింగ్‌కి పది కాగితాలు, కరెంటు బిల్లు ఒకటీ అరా అయితే కొనకండి. షాపువాడు ఇంకెలా అంటాడు అనుకుంటారేమో, కానీ వాడకుండా పెట్టిన ఇంక్‌జెట్‌లో ఇంకు చిమ్మే హెడ్ ఎండిపోతుంది, తీరా అవసరానికి గీతలు గీతలుగా వస్తుంది. హెడ్ క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ ఇంకు కారిపోతుంది. పిల్లల ప్రాజెక్టులు, నోట్సు వారం వారం ఉంటాయంటే మటుకు బ్లాక్ అండ్ వైట్ లేజర్ తీసుకోండి. దాంట్లో ఉండేది పొడి టోనర్, నెలల తరబడి వదిలేసినా ఎండిపోదు. రంగు ప్రింట్లకి మా దగ్గరికి రండి.